పన్నెండు చిట్టెలుకలకు ఈకొలై పోసినా ఒక్కదానికీ విరేచనాలు పట్టలేదు, ఎందుకు?

మీ ప్రశ్న సారాంశం ఇది. గుంటూరులో ఫార్మకాలజీ పీహెచ్‌డీ. దానిమ్మ తొక్క సారం అంటువిరేచనాల మీద పనిచేస్తుందా అన్నది చూడాలి. పిల్లల మలం నుంచి వేరుచేసిన, విరేచనాలు తెచ్చే ఈపీఈసీ రకం ఈకొలై బ్యాక్టీరియాను స్విస్ ఆల్బినో చిట్టెలుకలకు ఒక్కోదానికి 10⁸ చొప్పున నోటిద్వారా ఎక్కించారు. విరేచనం లేదు, బరువు తగ్గలేదు, మూడో రోజు పెంటికలు ప్లేట్ చేస్తే (పోషక పళ్లెం మీద మొలిపించి చూస్తే) మీ బ్యాక్టీరియా జాడే లేదు. డోసు పెంచాలా, లేక ఆముదం మోడల్‌కి వెళ్లిపోవాలా అని అడిగారు.

రెండూ వద్దండి. మీ కల్చర్ చచ్చిపోయి ఉండనక్కర్లేదు, గావేజ్ (సూదితో నోటిద్వారా కడుపులోకి ఎక్కించడం) తప్పయి ఉండనక్కర్లేదు. మీ ఎలుకలు ఆరోగ్యంగా ఉన్నాయి, అంతే. ఆరోగ్యంగా ఉన్న ఎలుక పెద్దపేగులో గ్రాముకు పదివేల కోట్ల దాకా సొంత బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. సంక్రాంతి ముందురోజు బెజవాడ బస్టాండులో సీటు కోసం వెతికినట్టే ఉంటుంది కొత్తగా వచ్చిన ఈకొలై పరిస్థితి. తిండి వాళ్లే తినేస్తారు, చోటు వాళ్లదే. దీన్నే కాలనైజేషన్ రెసిస్టెన్స్ అంటారు. దానికితోడు మనిషి ఈపీఈసీ మనిషి పేగుకి అలవాటుపడింది, ఎలుక పేగులో దానికి పట్టు సరిగా దొరకదు. డోసును 10¹⁰కి పెంచితే ఒకటి రెండు రోజులు ఎక్కువ కనబడి మళ్లీ పోతుంది.

ఈ అడ్డు కొత్తగా తెలిసిందేమీ కాదు. 1880ల్లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ గినీపిగ్‌లకు కలరా తెప్పించడానికి ముందు సోడా ద్రావణం పోసి కడుపులో ఆమ్లాన్ని చంపి, తర్వాత నల్లమందు టింక్చర్ ఇచ్చి పేగు కదలికను ఆపాల్సి వచ్చింది. ఆమ్లం, కదలిక, సొంత బ్యాక్టీరియా, ఆతిథేయి జాతి: మీరు ఏ మోడల్ ఎంచుకున్నా ఈ నాలుగింటిలో ఏ తలుపు తెరుస్తున్నారో ముందే కాగితం మీద రాసుకోవాలి. తలుపు తెరిచే పద్ధతి మీ మందు పనిని కప్పేయకూడదు.

ఆముదం సంగతి. మన ఫార్మసీ కాలేజీల్లో ఇది చవక, తేలిక, కొన్ని గంటల్లో ఫలితం. కానీ అక్కడ విరేచనం తెప్పించేది రిసినోలిక్ ఆమ్లం. అది పేగు కండరంలోని ఈపీ3 ప్రోస్టాగ్లాండిన్ గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. బ్యాక్టీరియాకి అందులో పాత్రే లేదు. లోపెరమైడ్ లాంటి కదలిక తగ్గించే మందులన్నీ ఆ మోడల్‌లో గెలుస్తాయి. దాన్ని పెట్టుకుని "అంటువ్యాధిని నయంచేసింది" అని రాస్తే రివ్యూయర్ మొదటి పేరాలోనే ఆగిపోతాడు, ఆగాలి కూడా.

ఇప్పుడు అసలు ప్రశ్న: మీకు కావలసింది నీళ్ల విరేచనమా, పేగు వాపా? ఎలుకల్లో ఈ రెండూ ఒకే మోడల్‌లో దొరకవు. ఎదిగిన చిట్టెలుక పెద్దపేగు నీటిని గట్టిగా పీల్చేస్తుంది, అందుకే లోపల పేగు కుళ్లిపోతున్నా బయటికి పెంటికలు కాస్త మెత్తబడటమే కనిపిస్తుంది. 2018లో పాతగుంటూరు ఆనందపేటలో తాగునీరు కలుషితమై జనానికి పట్టిన తరహా విరేచనాలు మీ ప్రశ్న అయితే, అంటే విషపదార్థం వల్ల నీరు ఊరిపోయే జబ్బు అయితే, వేరే దారి ఉంది. కలకత్తాలో శాస్త్రవేత్త శంభునాథ్ దే 1953లో చూపించిన కుందేలు పేగు లూప్ పద్ధతి అది. మత్తు ఇచ్చి పేగు ముక్కలను దారంతో కట్టి, ఒక్కోదానిలో నమూనా ఎక్కించి, సెంటీమీటరుకు ఎన్ని మి.లీ. నీరు ఊరిందో కొలుస్తారు. 1959లో ఆయన బ్యాక్టీరియా లేని వడపోత ద్రవంతోనే నీరు ఊరుతుందని చూపి కలరా విషాన్ని రుజువు చేసింది ఈ లూపులతోనే. దీనికి చేయి తిరిగిన సర్జరీ, మంచి మత్తు ఏర్పాటు కావాలి. పసి చిట్టెలుకల పద్ధతి ఇంకొకటి ఉంది, పేగు బరువును మిగతా శరీరం బరువుతో భాగించి చూస్తారు. రెండూ కొన్ని గంటల్లో ముగిసే పరీక్షలు. రోజుల తరబడి సారం ఇచ్చి చూడటానికి కుదరవు.

మీది ఈపీఈసీ, మీ సారం వాపు తగ్గిస్తుందనే ఆశ కూడా ఉంది. కాబట్టి సిట్రోబ్యాక్టర్ రోడెన్షియం తీసుకోండి. ఇది ఎలుకల సొంత రోగకారకం. ఈపీఈసీకి ఉన్న ఎల్‌ఈఈ అనే జన్యు దీవే దీనికీ ఉంది, ఇంటిమిన్, టిర్ ప్రోటీన్లతో పేగు గోడకు అలాగే అతుక్కుని మైక్రోవిల్లైని (పేగు కణాల మీది సన్నని నూగును) అలాగే చెరిపేస్తుంది. యాంటీబయాటిక్ ముందుగా ఇవ్వనక్కర్లేదు, అంటే ఎలుక సొంత ఫ్లోరా (పేగు బ్యాక్టీరియా) చెక్కుచెదరకుండా ఉండగానే జబ్బు వస్తుంది. మూలికల పరీక్షకు ఇదే పెద్ద లాభం. స్ట్రెయిన్ ఐసీసీ168, లేదా దాని నుంచి వచ్చిన నాలిడిక్సిక్ ఆమ్ల నిరోధక ఐసీసీ169 అడగండి. రెండోదే మేలు, ప్లేట్ మీద వేరుచేయడం తేలిక. పేగు బ్యాక్టీరియా మీద పనిచేసే ల్యాబుతో మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ఒప్పందం రాసుకుంటే దొరుకుతుంది. రాగానే 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80లో ఇరవై వయల్స్ చేసి పెట్టండి. ప్లేటు నుంచి ప్లేటుకి నెలల తరబడి మార్చుకుంటూ పోతే ఎలుకకు అంటుకునే శక్తి సన్నగిల్లిన సంగతి ఎవరికీ తెలియదు, ప్రయోగం మధ్యలో బయటపడుతుంది.

ఎలుక జాతి: సీ57బీఎల్/6 ఆడవి, 6 నుంచి 8 వారాలు, 18 నుంచి 20 గ్రాములు. వీటికి జబ్బు వచ్చి దానంతట అదే తగ్గుతుంది. సీ3హెచ్/హెచ్‌ఈజే, ఎఫ్‌వీబీ రకాలు రెండో వారంలో చనిపోతాయి. సీ3హెచ్/హెచ్‌ఈజేలో టీఎల్‌ఆర్4 (బ్యాక్టీరియాను పసిగట్టే గ్రాహకం) లోపం ఉంది కాబట్టి చస్తున్నాయని చాలామంది రాస్తారు, నిజానికి ఆ మరణాలను నడిపించేది ఆర్‌-స్పాండిన్ 2 అనే వేరే జన్యువు. మీ స్విస్ ఆల్బినోలు పనికిరానివి కావు గానీ అవి అవుట్‌బ్రెడ్, ఒక్కోటి ఒక్కోలా స్పందిస్తుంది. అదే తేడా పట్టుకోవడానికి ఎక్కువ ఎలుకలు కావాలి.

ఇనాక్యులం (ఎక్కించే బ్యాక్టీరియా ద్రావణం) తయారీలోనే సగం మంది తప్పుతారు. గ్లిసరాల్ నుంచి నాలిడిక్సిక్ ఆమ్లం 50 మైక్రోగ్రాములు/మి.లీ. ఉన్న ఎల్‌బీ (బ్యాక్టీరియాను పెంచే పోషకం) ప్లేటు మీద గీయండి. నాలిడిక్సిక్ ఆమ్లం నీళ్లలో కరగదు, పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి వడపోయాలి. నీళ్లలో వేసి కలియబెట్టి పోసేస్తే ప్లేటులో మందు సమంగా ఉండదు, ఎలుక సొంత బ్యాక్టీరియా కూడా పెరిగి మీరు సంబరపడతారు. ఒక్క కాలనీని 15 మి.లీ. ఎల్‌బీలో 37 డిగ్రీల దగ్గర, 200 ఆర్‌పీఎంతో రాత్రంతా పెంచండి. పొద్దున 3000 జీ దగ్గర 10 నిమిషాలు తిప్పి, పైద్రవం పారబోసి, 1.5 మి.లీ. స్టెరైల్ పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ ఉప్పునీటిలో) కలపండి. రాత్రి కల్చర్‌లో మి.లీ.కి 2 నుంచి 3×10⁹ ఉంటే ఇప్పుడు పది రెట్లు చిక్కబడింది, 200 మైక్రోలీటర్లలో 4 నుంచి 6×10⁹ వస్తుంది. కావలసింది 1 నుంచి 5×10⁹ మధ్య, కనుక ఓడీ (ద్రావణం ఎంత మసకగా ఉందో చెప్పే కొలత) చూసి కాస్త పలుచన చేయండి. ఓడీ మీటరు 1 దాటితే అబద్ధం చెబుతుంది, అందుకని 1:20 పలుచన చేసి చదవండి. ఆ 200 మైక్రోలీటర్లు ఎక్కించడం మొదలుపెట్టేముందు ఒకసారి, చివరి ఎలుక అయ్యాక ఒకసారి ప్లేట్ చేయాలి. థీసిస్‌లో రాయాల్సిన డోసు ప్లేటు చెప్పినది, ఓడీ చెప్పినది కాదు. ట్యూబులో బ్యాక్టీరియా అడుక్కి దిగుతుంది. ప్రతి ఎలుకకీ ముందు తిరగేసి కలపకపోతే మొదటి ఎలుకకీ ఇరవయ్యో ఎలుకకీ డోసు ఒకటి కాదు. గంటలో పని ముగించండి.

గావేజ్‌కి 20 గేజి, ఒకటిన్నర అంగుళాల బాల్‌టిప్ సూది. ముక్కు నుంచి చివరి పక్కటెముక దాకా ఎలుక పక్కన పెట్టి కొలిచి సూది మీద గుర్తు పెట్టుకోండి. మెడ పట్టు బిగుతుగా, తల వెనక్కి, సూది నోటి ఎడమ మూల నుంచి అంగిలి వెంట జారాలి. నెట్టకూడదు, దాని బరువుకి అదే దిగాలి. అడ్డు తగిలితే తీసేసి మళ్లీ. శ్వాసనాళంలోకి పోతే ముక్కులోంచి బుడగలు వస్తాయి, ఎగశ్వాస వస్తుంది. ఆ ఎలుకను గావేజ్ వైఫల్యంగా అదేరోజు నోటుబుక్కులో రాయాలి. మూడు రోజుల తర్వాత "ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయింది" అని మారిపోకూడదు. ముందు నాలుగు గంటలు మేత తీస్తే చాలు. రాత్రంతా మాడ్చితే 20 గ్రాముల ఎలుక పదోవంతు బరువు పోగొట్టుకుంటుంది, అప్పుడు బరువు గ్రాఫులో మొదటి బిందువే తప్పు.

ఇక అసలు చిక్కు, మీరు అడగనిది. ఎలుకలు పెంటికలు తింటాయి. ఒక పంజరంలో ఉన్న ఆరు ఎలుకలకు ఫ్లోరా ఒకటే, ఇన్‌ఫెక్షన్ ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. మన దగ్గర ఫార్మకాలజీ ప్రోటోకాల్ అంటే గ్రూపుకి ఆరు, ఆరూ ఒకే పంజరంలో. గణితం లెక్కలో అది ఆరు కాదు, ఒకటి. సారం ఇచ్చిన పంజరంలో వాపు తక్కువుంటే అది సారం వల్లనా, ఆ పంజరం ఫ్లోరా వల్లనా చెప్పే మార్గం లేదు. ఉదాహరణకు సెగ్మెంటెడ్ ఫిలమెంటస్ బ్యాక్టీరియా ఉన్న ఎలుకలు సిట్రోబ్యాక్టర్‌ను మెరుగ్గా తట్టుకుంటాయి. ఒకే సీ57బీఎల్/6 ఒక సరఫరాదారు దగ్గర అది ఉన్నది, ఇంకొకరి దగ్గర లేనిది దొరుకుతుంది. అందుకే అన్ని ఎలుకలూ ఒకే చోటి నుంచి, ఒకే విడతలో తెప్పించండి. వచ్చాక రెండు వారాలపాటు వారానికి రెండుసార్లు అన్ని పంజరాల ఊకా ఒక గంపలో కలిపి తిరిగి పంచండి, ఫ్లోరా సమమవుతుంది. తర్వాత రాండమైజ్ చేసి పంజరానికి రెండు చొప్పున పెట్టండి. గ్రూపుకి ఎనిమిది, నాలుగు పంజరాలు. నాలుగు గ్రూపులు: ఆరోగ్యం-నీళ్లు, ఆరోగ్యం-సారం, ఇన్‌ఫెక్షన్-నీళ్లు, ఇన్‌ఫెక్షన్-సారం. మొత్తం 32 ఎలుకలు, 16 పంజరాలు. విశ్లేషణలో పంజరాన్ని రాండమ్ ఎఫెక్ట్‌గా (పంజరాల మధ్య తేడాను లెక్కలోకి తెచ్చే అంశంగా) పెట్టండి. సంఖ్య తగ్గించాల్సి వస్తే పంజరానికి ఎలుకలు తగ్గించండి గానీ పంజరాలు తగ్గించొద్దు.

ప్రతిరోజూ ముందు ఆరోగ్యం గ్రూపులు చూసి, గ్లవ్స్ మార్చి, ఆఖరున ఇన్‌ఫెక్షన్ గ్రూపులు. తలకిందులైతే మీ కంట్రోల్ ఎలుకల్లో ఐదో రోజుకల్లా సిట్రోబ్యాక్టర్ మొలుస్తుంది. ఇది చాలా సులువుగా అంటుకుంటుంది, ఒకసారి ఎలుక కడుపు దాటి వచ్చిన బ్యాక్టీరియా ల్యాబు కల్చర్ కంటే ఎన్నో రెట్లు చురుకైనది.

లెక్కించడం ఇలా. ఇన్‌ఫెక్షన్‌కి ముందే ప్రతి ఎలుక పెంటికలు నాలిడిక్సిక్ ఆమ్లం కలిపిన మెకాంకీ (పేగు బ్యాక్టీరియాను వేరుచేసే పోషకం) ప్లేటు మీద పెట్టండి, ఏదీ మొలవకూడదు. తర్వాత 1, 4, 7, 10, 14 రోజులు, ఆపైన వారానికోసారి. ఎలుకను శుభ్రమైన ఖాళీ డబ్బాలో ఉంచితే రెండు నిమిషాల్లో తాజా పెంటికలు వేస్తుంది. తూకం వేసి గ్రాముకు 10 మి.లీ. చొప్పున, అంటే 40 మి.గ్రా.కు 400 మైక్రోలీటర్లు పీబీఎస్ పోసి మెదిపి, పదేసి రెట్లు పలుచన చేస్తూ 10 మైక్రోలీటర్ల చుక్కలు పెట్టండి. 10⁻⁴ పలుచనలో 24 కాలనీలు వచ్చాయనుకుందాం. 24ను 0.01తోనూ 10⁻⁴తోనూ భాగిస్తే మి.లీ.కి 2.4×10⁷, గ్రాముకు 2.4×10⁸. సిట్రోబ్యాక్టర్ కాలనీ మెకాంకీ మీద మధ్యలో గులాబీ, చుట్టూ తెల్లటి అంచుతో ఉంటుంది. పలుచన చేయని ద్రావణం 100 మైక్రోలీటర్లు పరిచినా ఏమీ రాకపోతే "సున్నా" అని రాయకండి. ఆ పరిమాణంలో ఒక్క కాలనీ అంటే గ్రాముకు 100, కనుక మీరు చెప్పగలిగింది "100 కంటే తక్కువ" అని. లాగరిథంలోకి మార్చి విశ్లేషించండి.

మొదటి మూడు రోజులు బ్యాక్టీరియా సీకంలోని (పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలోని) లింఫాయిడ్ మచ్చ దగ్గర తిష్ఠ వేస్తుంది, నాలుగైదు రోజులకు పెద్దపేగు చివరి భాగానికి దిగుతుంది. 7 నుంచి 10 రోజుల మధ్య గ్రాముకు 10⁸ నుంచి 10⁹ దాకా ఎక్కుతుంది. క్రిప్టులు (పేగు గోడలోని సన్నని గుంటలు) పొడవు సాగడం 10 నుంచి 14 రోజుల్లో పతాకస్థాయి. మూడు నాలుగు వారాలకు శుభ్రం. మీరు మూడో రోజే చూసి తేల్చేశారు కదా, ఈ మోడల్‌లో మూడో రోజు చూస్తే ఏ కథా ఉండదు. ఎలుకల్లో సగాన్ని 12వ రోజు, మిగతావాటిని 28వ రోజు తీయండి. ఈ జాతిలో బరువు పెద్దగా తగ్గదు, బరువునే ఫలితంగా పెట్టుకోవద్దు. అయినా రోజూ తూచండి, మొదటి బరువులో 20 శాతం పోతే ఆ ఎలుకను బాధ పెట్టకుండా ముగించాలని ప్రోటోకాల్‌లో ముందే రాయండి.

కణజాలం: పెద్దపేగు చివరి సగం పొడుగ్గా కోసి, పీబీఎస్‌తో మెల్లగా కడిగి, చుట్ట చుట్టి 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో 24 గంటలు, తర్వాత 70 శాతం ఆల్కహాల్‌కి మార్చండి. ఐదు మైక్రాన్ల సెక్షన్లు, హెచ్ అండ్ ఈ రంగు. అడుగు నుంచి పైదాకా నిలువుగా కనిపించే క్రిప్టులు ఎలుకకు కనీసం ఇరవై కొలవాలి. అడ్డంగా తెగిన క్రిప్టును కొలిస్తే పొడవు తక్కువొస్తుంది, సారం పనిచేసినట్టు కనబడుతుంది! అందుకే కొలిచేవారికి గ్రూపు తెలియకూడదు. మ్యూకస్ పొర చూడాలంటే ఫార్మలిన్ పనికిరాదు, పొర కుంగిపోతుంది. దానికి కార్నాయ్ ద్రావణం వాడి, పెంటిక లోపల ఉన్న ముక్కనే తీసుకోండి. స్లైడ్లు చదవడానికి గన్నవరం పశువైద్య కళాశాలలో పాథాలజీవారిని అడగటం మంచిది. మనుషుల బయాప్సీలు చూసే కంటికి ఎలుక పేగు కొంచెం కొత్త.

దానిమ్మ తొక్కలో టానిన్లు దండిగా ఉంటాయి, వాటితో మూడు ఉచ్చులు. ఒకటి, సారాన్నీ బ్యాక్టీరియానీ ఒకే పూట ఎక్కిస్తే కడుపులోనే సారం బ్యాక్టీరియాను చంపుతుంది. అప్పుడు మీరు పరీక్షించింది టెస్ట్‌ట్యూబ్ పనిని, ఎలుకను బీకరుగా వాడి. మూడో రోజు దాకా ఆగి, కాలనైజేషన్ స్థిరపడ్డాక సారం మొదలుపెట్టండి. ముందునుంచీ ఇస్తే అది నివారణ ప్రయోగం, దాని పేరు దానికి పెట్టండి. రెండు, పెంటికల్లో మిగిలిన సారం ప్లేటు మీద కాలనీలను అణచివేయవచ్చు. ఆరోగ్యం-సారం గ్రూపు పెట్టమన్నది ఇందుకే. ఆ ఎలుకల పెంటిక ద్రావణంలో తెలిసిన సంఖ్యలో సిట్రోబ్యాక్టర్ కలిపి ప్లేట్ చేయండి, పూర్తిగా తిరిగి రావాలి. రాకపోతే తక్కువ పలుచన ప్లేట్లను నమ్మొద్దు. మూడు, సారం ఎలుక సొంత ఫ్లోరాను మార్చి, ఆ మారిన ఫ్లోరా సిట్రోబ్యాక్టర్‌ను తరిమేయవచ్చు. అది కూడా ఫలితమే, కానీ "యాంటీబ్యాక్టీరియల్" అనే మాట దానికి సరిపోదు.

త్వరగా, తీవ్రంగా వాపు కావాలంటే సాల్మొనెల్లా టైఫిమ్యూరియం ఉంది: ఎలుకకు 20 మి.గ్రా. స్ట్రెప్టోమైసిన్, 24 గంటల తర్వాత స్ట్రెప్టోమైసిన్ నిరోధక స్ట్రెయిన్ 10⁸. ఒకటి రెండు రోజుల్లో సీకం ముడుచుకుని తెల్లబారుతుంది. కానీ యాంటీబయాటిక్ ఒక్కటే సీకాన్ని ఉబ్బిస్తుంది, కనుక స్ట్రెప్టోమైసిన్-మాత్రమే గ్రూపు తప్పనిసరి. సీ57బీఎల్/6లో సాల్మొనెల్లాను అడ్డుకునే ఎన్‌ర్యాంప్1 జన్యువు పనిచేయదు, వారంలోపే రక్తంలోకి పాకి చనిపోతాయి, రెండు మూడు రోజుల్లోనే ముగించాలి. పైగా ఇది మనుషులకూ అంటుతుంది. మొదటి మోడల్‌గా మీకు సలహా ఇవ్వను.

అనుమతులు: ఐఏఈసీకి (సంస్థలోని జంతు నైతిక కమిటీకి) ఫారం-బీ, చిట్టెలుకలకు సంస్థ స్థాయిలోనే సరిపోతుంది. సంఖ్యకు సమర్థన అడుగుతారు, పైన చెప్పిన పంజరాల లెక్క పెట్టండి. బయోసేఫ్టీ కమిటీ కాగితం విడిగా. సిట్రోబ్యాక్టర్ అయినా బీఎస్‌ఎల్-2 (రెండో స్థాయి జీవభద్రత) పద్ధతులే పాటించండి.

మన ఊరి సంగతులు కొన్ని. హైదరాబాదు నుంచి ఎలుకలు తెప్పిస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, రాత్రి ప్రయాణంలో. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని వ్యానులో 270 కిలోమీటర్లు వస్తే దిగేసరికే సగం జబ్బుపడి ఉంటాయి, బతికినవాటి పేగు కూడా నమ్మదగ్గది కాదు. గది 22 డిగ్రీలకు రెండు అటూ ఇటూ. ఏసీ జనరేటర్ లైనులో ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని కళ్లముందు కరెంటు తీయించి చూడండి, ఉందని మాట మాత్రం తీసుకోవద్దు. నీళ్లు ఒకరోజు బోరువి, ఒకరోజు క్లోరిన్ కలిపిన మున్సిపాలిటీవి కాకుండా, మొదటి నుంచి చివరిదాకా ఆటోక్లేవ్ చేసిన ఆర్‌ఓ నీళ్లే. మేత ఒకే బ్యాచి బస్తాలు ముందే కొనిపెట్టుకోండి. వరి ఊక పరుపు చవక, పనికొస్తుంది, కానీ మిల్లు నుంచి వచ్చిన ఊకలో అడవి ఎలుకల పెంటికలు కలిసి ఉంటాయి, 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ కాకుండా గదిలోకి రానివ్వొద్దు. గట్టిగా కుక్కిన సంచి మధ్యకు ఆవిరి చేరదు, వదులుగా సగం నింపి, అరగంట ఉంచి, మధ్యలో ఇండికేటర్ టేపు పెట్టి చూడండి. వాడిన ఊక బయటికి వెళ్లేటప్పుడూ ఇదే పద్ధతి, మున్సిపాలిటీ బండి ఎక్కేముందు.